తువ్వాలుకు పట్టిన తుత్తం

బావా,

ల్యాబులో నా ఘనకార్యం చూసినవాడివి నువ్వొక్కడివే. ఎవరడిగినా చూడలేదని చెప్పమని సవినయంగా కోరుతున్నాను.

మైలుతుత్తాన్ని వేడిచేస్తే నీలం పోయి తెల్లపొడి అవుతుంది, తడి తగిలితే మళ్ళీ నీలమవుతుంది. శాస్త్రసేవగా ఆ పొడిని అటెండరు తాత తువ్వాలుకు పట్టించాను. చెమట తుడుచుకోగానే మొహానికి నీలం బ్రహ్మాండంగా వచ్చింది. ఇప్పుడు రెండు కళ్ళకూ కట్టు. కుడికంటికి చూపు ఇక రాదట.

ఆసుపత్రికెళ్ళి తాత వాంగ్మూలం రాసుకు రమ్మని ప్రిన్సిపాల్ నన్నే పంపాడు.

"ఎవరో కావాలనే పూశారని రాయి బాబూ. నా తప్పంటే ఉద్యోగం పీకేస్తారు," అన్నాడు తాత.

"అలాగే తాతా," అని, అంతా తన అజాగ్రత్తేనని రాశాను. వినిపించేటప్పుడు మాత్రం ఆయన మాటలే చదివాను.

నేను వేలు పట్టి చూపించిన చోట తాత సంతకం పెట్టి, "నువ్వు లేకపోతే నా గోడు ఎవరు రాసేవారు నాయనా," అని నా చెయ్యి వదల్లేదు.

నీ బావమరిది