బాపు గుడారం

అమ్మకు,

ఇక్కడ నేనూ బాపూ వేళకు తింటున్నాం, తిరుగుతున్నాం. అక్క కాన్పు నుంచి కోలుకుంటున్నదని, పాప పాలు బాగా తాగుతున్నదని బావ చెప్పాడు. మంచి మాటలు ఇంతటితో అయిపోయాయి. పెద్దపల్లికి ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, అక్కవాళ్ళ అత్తమ్మ పక్కన కూర్చుని అంతా వింటుంది. అందుకే ఈ కాగితం.

బావ చేతికిచ్చిన ఉత్తరంలో ఏం రాశావు? "చేపల వాసనకు నీకు నామోషీ అయితుందట. డిగ్రీ చదివిన పిల్లవు, నీ బాధ నాకు తెల్వదా? గుడారం బావ తీస్కపోతడు, షెడ్డు ఖాళీ అయితది." నా బాధ నీకు తెలియదమ్మా. నేను ముక్కుకు చున్నీ కట్టుకుని గుడారాలు బయటికి ఈడుస్తుంటే పక్క క్వార్టర్ పోశవ్వ చూసింది, నీకు ఫోన్ కొట్టింది, నువ్వు నమ్మావు. నన్నొక్క మాట అడగాలనిపించలేదు.

జరిగింది విను. బాపు, ఆయన దోస్తులు చలికాలమంతా గోదావరి ఒడ్డున చేపలకు కూర్చునే ఆ నాలుగు గుడారాలు, ఎప్పటిలాగే ఏరు పొంగే ముందు మన స్కూటర్ షెడ్డుకు వచ్చాయి. ఈసారి గాలివానలో తడిసినవాటిని తడిసినట్టే చుట్టి పడేశారు. "కాకా, ఎండబెట్టి మడువుండ్రి, బూజు పడుతది" అన్నాను. "ఏంగాదు బిడ్డా, సెకండ్ షిఫ్టుకు టైమైతుంది" అంటూ సదయ్య కాక బండెక్కాడు. ఆయనకు డ్యూటీ, మనకు బూజు. కొన్నాళ్ళకే షెడ్డు తలుపు తీస్తే గొంతు పట్టేసేది. బాపు గుడారం మూలను ఎలుకలు కొరికేశాయి. ఎండ కాసినప్పుడల్లా ఒక్కోదాన్నీ పరిచి, బొగ్గు దుమ్ము దులిపి, బూజు గీకి, చిరిగినచోట కుట్టి, వేపాకు వేసి మడిచాను. నేల మీద పాత కన్వేయర్ బెల్టు ముక్కలు వేసి గుడారాల ఇనుప పైపులు పేర్చాను. బొగ్గుబాయిలో బ్లాస్టింగ్ అదురుకు అవి దొర్లకుండా తాడుతో బిగించాను. ఆ చున్నీ కట్టింది బూజుకు.

బాపు మోకాలు సంగతి అడిగావు. వాపు దిగలేదు. ఏటి ఒడ్డు దిగొద్దని దవాఖానలో గట్టిగానే చెప్పారు. అలుగుతున్నాడా అని కూడా అడిగావు. అలగడం లేదు, మాట్లాడడమే లేదు. నా మంటంతా అక్కడే.

ఆదివారం సదయ్య కాక, నర్సింగం కాక వచ్చి గుడారాలు చూశారు. "రఘుపతన్నా, మోకాలు పోయినా నీ చెయ్యి పోలే" అని మెచ్చుకున్నారు. కుట్టింది నేనని బాపు చెప్పలేదు. తర్వాత ఆయన గుడారం, ఒడ్డు మీద ఆయన చోటు ఎవరికన్న మాట వచ్చింది.

"గిదీ బాయి డ్యూటీ లెక్కనే గదనే. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుకు ఎక్కాలె. కొడుకు రాకుంటే అల్లుడు" అన్నాడు నర్సింగం కాక.

వేణన్న హైదరాబాద్ వదలడు, వాడికి ఎర గుచ్చడం కూడా రాదు. బావ గోదావరిని రైలు కిటికీలోంచే చూసిన మనిషి.

చాయ్ గ్లాసులు అందిస్తూ "నాకియ్యుండ్రి" అన్నాను.

"నీకా? రేపు పెండ్లయితే గుడారం నెత్తిమీద పెట్టుకొని అత్తగారింటికి పోతవా బిడ్డా?" అన్నాడు సదయ్య కాక. అందరూ నవ్వారు, గుడారం బావకే అని తేల్చారు. బాపు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

నీకు ఇన్నాళ్ళూ చెప్పనిది ఇప్పుడు చెప్తున్నాను. పోయిన చలికాలానికే బాపు మోకాలు పనిచేయలేదు. దోస్తులు ఫస్ట్ షిఫ్టులో ఉన్న రోజులు చూసి నన్ను వెంట రమ్మనేవాడు. నేను సద్ది ఇచ్చి వస్తున్నానని నువ్వు అనుకునేదానివి. ఆయన గుడారంలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, నీళ్ళలో దిగి గాలాలు వేసిందీ లాగిందీ నేను. "మా ఆయన పట్టిండు" అని నువ్వు వాడకట్టంతా పంచిన బొచ్చె చేపలు నేను పట్టినవి. "ఎవరికీ చెప్పకు బిడ్డా, నగుతరు" అన్నాడు. చెప్పలేదు. నౌకరీ ఎప్పుడు, పెండ్లి ఎప్పుడు అని ఎవరూ అడగని చోటు ఈ ఊళ్ళో నాకు అదొక్కటే. దాన్ని బావకు రాసిచ్చేటప్పుడైనా ఆయన నోరు విప్పుతాడనుకున్నాను.

నిన్న నీ ఉత్తరంతో పాటు బావ ట్రాలీ ఆటో కూడా తెచ్చాడు. "మరదలా, ఒక చెయ్యి పట్టు" అన్నాడు.

"ఈ పైపులు ఎట్ల కలుపుతరో చెప్పు బావా, పడత" అన్నాను.

"గదేం పెద్ద పని? యూట్యూబ్‌ల చూస్త."

"చూసుకో పో" అని ఖాళీ ట్రాలీతోనే పంపించాను. బాపు గడపలో నిలబడి అంతా చూశాడు.

బావ చెప్పేది ఈపాటికి చెప్పి ఉంటాడు. నేను చెప్పేది ఇది. గుడారం నాది. చలి పడిన మొదటి ఆదివారం, సదయ్య కాక గుడారం పక్కనే, అందరూ చూస్తుండగా, బాపు చోట్లో వేస్తాను. బాపు వస్తే కుర్చీ వేస్తాను. రాకపోతే ఒక్కదాన్నే పోతాను.

ఇట్లు,
నీ చిన్నబిడ్డ
మమత