లోపలి బిళ్ళ

ఉదయగిరి, మంగళవారం

నీళ్ళ ప్లాంటు దగ్గర పొద్దున మళ్ళీ గొడవ. బంగారు రంగు కొత్త ఐదు రూపాయల బిళ్ళలు వేస్తే మిషన్ తిప్పి పడేస్తోంది. ఖాళీ క్యాన్లు పట్టుకుని అందరూ నా మీదికొస్తే నేనేం చేసేది? ఆయన ఉన్నప్పుడు ఏదో ఒకటి చెప్పి నవ్వించి పంపేవాడు. ఆయన పోయాక ప్లాంటు నాకొచ్చింది గానీ ఆ ఓపిక రాలేదు.

చివరికి ఆత్మకూరు నుంచి మెకానిక్ మస్తాన్ వచ్చి డబ్బా విప్పాడు. లోపల పాత లావు ఐదు రూపాయల బిళ్ళ ఒకటి ఇరికించి ఉంది.

"మనం వేసే బిళ్ళని మిషను దీంతోనే పోల్చి చూసుద్దక్కా. లావు, లోహం కలిస్తేనే నీళ్ళొదుల్తాది. ఈ రకం ఇప్పుడు ఎవురి దగ్గరుండాది? మార్చాల్సిందే."

దాని మీద పసుపూ, కుంకుమ బొట్టూ ఎండిపోయి ఉన్నాయి. ప్లాంటు తెరిచిన రోజు ఆయన పెట్టినవి. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళు వేసిన ప్రతి బిళ్ళనీ ఆ మిషన్ ఆయన బిళ్ళతోనే పోల్చి చూసిందన్నమాట.

"కొత్తదానికి బొట్టు పెట్టియ్యక్కా," అన్నాడు మస్తాన్. అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఉత్త బిళ్ళే ఇచ్చాను. పెట్టి ఉండాల్సింది. ఎవరేమనేవాళ్ళు, మస్తానా? ఇప్పుడనుకుని ఏం లాభం...

సాయంత్రం అందరూ వెళ్ళాక ఆయన బిళ్ళని మిషన్‌లో వేశాను. తీసుకోదని తెలుసు. అందుకే కింద పడకుండా ముందే చెయ్యి పట్టాను.