సూది చేతికివ్వకూడదు

రమా,

రేపు పొద్దున క్యూబా బయలుదేరుతున్నాను. మనిద్దరం వెళ్దామని నువ్వు ఎంచిపెట్టిన టూరే. చిన్న బృందం. హవానాలో హోటల్లో కాకుండా బట్టలు కుట్టే ఒకావిడ ఇంట్లో ఉంటాం. ఆవిడతో బజారుకి వెళ్తాం, వంట చేస్తాం. నువ్వు పోయాక మానేద్దామనే అనుకున్నాను. నీ కూతురు ఊరుకోలేదు.

"పెద్దమ్మా, అక్కడ సూదులు, దారాలు దొరకడం కష్టమట. ఆవిడకి ఇద్దువుగానీ, అమ్మ కుట్టు డబ్బా ప్యాక్ చేసేశా. ఇక్కడ ఈ హెర్న్‌డన్ ఊళ్ళో ఎవరు కుడతారు, నువ్వా?"

పొద్దుటి నుంచి మనసు నిలవడం లేదు. సహస్రనామం మధ్యలో లేచి వెళ్ళి డబ్బా సూట్‌కేసులోంచి తీస్తున్నాను, మళ్ళీ పెడుతున్నాను. నువ్వు ఎర్రదారం ఎక్కించిన సూది అందులో ఇంకా అలాగే ఉంది.

సూది చేతికిస్తే తగవులొస్తాయని ఎప్పుడూ బల్ల మీదే పెట్టేదాన్ని. నువ్వు చాపిన చెయ్యి తీసేదానివి కాదు. "చేతికే ఇవ్వక్కా, కాసేపు పోట్లాడుకుందాం" అనేదానివి. నేనెప్పుడూ ఇవ్వలేదు.

డబ్బా సూట్‌కేసులోనే ఉంచాను. ఆవిడ చెయ్యి చాపితే, ఆ ఎర్రదారం సూది చేతికే ఇస్తాను.

అక్క