మెకానిక్‌తో నేరుగా మాట్లాడండి

చిరంజీవి అమ్మడికి,

బాబాయి ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ పిన్నీ బాగున్నాం. అక్కడ నువ్వూ, మీ అమ్మా నాన్నా కులాసాగా ఉన్నారనుకుంటాను.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాయడమేమిటి అనుకుంటావేమో. ఫోను ఖాళీగా ఉంటే కదా. నువ్వు ఇంటర్నెట్‌లో ప్రకటన వేయించిన మర్నాటి నుంచి అది మోగుతూనే ఉంది. నీకు చేద్దామని నంబరు నొక్కడం మొదలుపెడితే సగంలో ఇంకెవరో వచ్చేస్తున్నారు. నువ్వు చేసినా బిజీ అనే వస్తుంటుందని మీ పిన్ని అంది. అందుకని పోస్టాఫీసుకి వెళ్లి కవర్లు తెచ్చుకున్నాను.

షాపు సంగతి నీకు తెలిసిందే. బస్టాండు వెనక సందులో, జెరాక్సు షాపుకీ తాళంచెవులు చేసే అతని బల్లకీ మధ్య గది. కుట్టు మిషన్ల రిపేరు తప్ప నాకు వేరే పని రాదు. ఇప్పుడు కుట్టించుకునేవాళ్లే తగ్గిపోయారు. గది ఓనరేమో ఫోన్లకి తొడుగులు అమ్మేవాళ్లెవరో అడుగుతున్నారనీ, నెలాఖరుకి నా సంగతి ఏదో ఒకటి తేల్చమనీ అన్నాడు. ఆ మాట మీ నాన్న ద్వారా నీ చెవిన పడబట్టే కదా నువ్వు ఈ ప్రకటన వేయించావు.

నీ చలవ వల్ల ఇప్పుడు ఫోను కింద పెట్టే తీరిక లేదు. షాపులో మాత్రం చాలా ప్రశాంతంగా ఉంది. ఈ విషయం నీకు తెలియజేద్దామనే ఈ ఉత్తరం.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
బాబాయి

తా.క.: నాది బటన్ల ఫోను కాబట్టి ప్రకటన నేను చూడలేదు. జెరాక్సు అతను చూశాడు. ఫోటోలో ఉన్నాయన చాలా తెలివైనవాడిలా ఉన్నాడనీ, ఎవరాయననీ నన్నే అడిగాడు.

—

పూజ్యులైన బాబాయికి,

నీ అమ్మడి నమస్కారాలు. నీ ఉత్తరం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. "ఫోను కింద పెట్టే తీరిక లేదు" అన్న వాక్యం దగ్గర మా మేనేజరు లేచి నిలబడ్డారు. మా ప్రకటనల గురించి ఇలా రాసిన కస్టమరు ఇంతవరకూ లేరట. ఇంత హడావుడిలోనూ షాపు ప్రశాంతంగా నడుపుతున్నావంటే అది నీకే చెల్లింది.

ఇందులో కిటుకు ఒక్కటే బాబాయ్. ఈ రోజుల్లో ఏ కంపెనీకి ఫోన్ చేసినా ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని రికార్డు చేసిన గొంతు తప్ప మనిషి పలకడు. మన ప్రకటనలో నీ ఫోటో కింద ఒకే బటన్ పెట్టాను. 'మెకానిక్‌తో నేరుగా మాట్లాడండి' అని. నొక్కితే నువ్వే పలుకుతావు. జనానికి అది నచ్చింది.

ఇంత బాగా పని చేస్తున్నప్పుడు ఆగకూడదని ప్రకటనని ఇంకా చాలా ఊళ్లకి పంపించాను. నువ్వు చేయాల్సింది ఒక్కటే. ప్రతివాళ్లతోనూ చివర్లో, "ఇంకేమైనా సహాయం కావాలా?" అని అడుగు. అలా అడిగితే కస్టమర్లు మనల్ని వదిలిపెట్టరు.

పిన్నిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ అమ్మడు

తా.క.: ఫోటో నేనే కొంచెం సరిచేశాను. జుట్టు కలిపాను.

—

చిరంజీవి అమ్మడికి,

బాబాయి ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే ఇంకేమైనా సహాయం కావాలా అని అడుగుతున్నాను. అందరూ కావాలంటున్నారు.

ఒకావిడ ఫోన్ చేసి పైదారం ఊరికే తెగిపోతోందంది. మిషన్‌కి ముందువైపు దారాన్ని బిగపట్టే బిళ్లలుంటాయి, ఆ బిగింపుని మేము టెన్షన్ అంటాం. "టెన్షన్ బాగా ఎక్కువైందమ్మా, కొంచెం కొంచెంగా వదులు చేసుకుంటూ రండి, ఒక్కసారే వదిలేయకండి" అని చెప్పాను. ఆవిడ మెల్లిగా, "మా అత్తగారి సంగతి మీకెలా తెలిసిందండీ?" అంది. ఇక ఆ పూటంతా ఆవిడ చెప్పడం, నేను వినడం. చివరికి మనసు తేలికపడిందంది. దారం సంగతి అడిగితే, దాన్ని తర్వాత చూసుకుంటానంది.

మిగతావాళ్లకి సూది ఎటు తిప్పి పెట్టాలో, కిందిదారం చుట్టే బాబిన్ ఎలా కూర్చోపెట్టాలో, నూనె ఎక్కడెక్కడ వేయాలో ఫోన్‌లోనే చెప్పేస్తున్నాను. వాళ్లు అక్కడికక్కడే బాగుచేసుకుని, దండం పెడుతున్నామండీ అని పెట్టేస్తున్నారు. మంచివాళ్లే. కానీ ఒక్కరూ మిషన్ పట్టుకుని షాపుకి రావడం లేదు. నేను షాపులో కూర్చున్నా ఇంట్లో కూర్చున్నా ఒకటే అయిపోయింది. ఇలాగే ఉంటే షాపు అక్కర్లేదేమో అనిపిస్తోంది. నువ్వు చదువుకున్నదానివి, అర్థం చేసుకుంటావని రాస్తున్నాను.

ఇట్లు,
బాబాయి

తా.క.: మీ పిన్ని రాస్తున్నది. భోజనానికి రమ్మని పిలిస్తే మీ బాబాయి, "వస్తున్నానండీ, ఇంకేమైనా సహాయం కావాలా?" అన్నారు. కావాలన్నాను. గిన్నెలు కడిగారు. ఆ మాట మాత్రం మాన్పించకు.

—

పూజ్యులైన బాబాయికి,

నమస్కారాలు. నువ్వు ఇంత త్వరగా కాలాన్ని పట్టుకుంటావనుకోలేదు. షాపు అక్కర్లేదు, ఇంట్లో కూర్చునే పని చేయవచ్చు అన్న సంగతి మా ఆఫీసులో పెద్దపెద్దవాళ్లకే ఇంకా ఎక్కలేదు. నువ్వు సూదీ దారంతో కనిపెట్టేశావు.

ప్రకటన కింద జనం రాసిన మాటలు చూస్తున్నాను. నీకు కనపడవు కనుక కొన్ని రాస్తాను. 'మెకానిక్ గారి ఒక్క మాటతో గుండెల మీద బరువు దిగింది.' 'మా మిషన్ బాగుపడలేదు, మా ఆయన బాగుపడ్డాడు.' 'ఈయన దగ్గర కుట్టు మిషన్లు కూడా చూస్తారట.'

ఇవి చదివాక మిషన్ల దగ్గరే ఆగిపోవడం నీకు అన్యాయమనిపించింది. అందుకే ప్రకటనలో మాట మార్పించాను. 'మిషనైనా, మనసైనా, మెకానిక్‌తో నేరుగా మాట్లాడండి.' ఇది రాయించడానికి మా ఆఫీసులో ఒక పూట మీటింగు జరిగింది.

నువ్వు ఏమీ మొహమాటపడకు. నీ మాటలో ఏదో ఉంది.

ఇట్లు,
నీ అమ్మడు

తా.క.: మా మేనేజరు కూడా పేరు చెప్పకుండా నీకు ఫోన్ చేశారట. పనిలో మనసు నిలవడం లేదంటే, "తిరగేసి పెట్టుకున్నారేమో, సరిగ్గా తిప్పి పెట్టుకోండి" అన్నావట. అప్పటినుంచి కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంటున్నారు. చాలా బాగుందట.

—

అమ్మడూ,

ఆశీస్సులు. ఇంతకుముందు రెండు ఉత్తరాల్లోనూ మొహమాటంతో చుట్టూ తిప్పి రాశాను. తప్పు నాదే. ఈసారి సూటిగా రాస్తాను. ప్రకటన ఆపించు.

మీ ఆఫీసు ఆయన ఎవరో నాకు తెలియదు. నేను చెప్పింది సూది గురించి.

మొన్న పాత ఇనుము కొనే అతను షాపుకి వచ్చి వెళ్లాడు. నేనే రమ్మన్నాను. నా స్క్రూడ్రైవర్లు, మా గురువుగారిచ్చిన చిన్న సుత్తితో సహా, అన్నీ కలిపి తక్కెట్లో పెట్టాడు. ఏది దేనికో అడగలేదు. అడగాల్సిన పని కూడా అతనికి లేదులే. ఆలోచించి చెబుతానని పంపేశాను. ఇంటికొచ్చి మీ పిన్నితో, ఇన్నాళ్లు ఎంతమందికి ఎన్ని మిషన్లు బాగుచేశానో, చివరికి నా పని ఇలా అయిపోయింది అన్నాను.

ఆవిడ అంది, "మీ పని ఏం కాలేదు. పొద్దున్నుంచీ చేస్తూనే ఉన్నారు. అది షాపుకి రావడం మానేసింది, అంతే."

నిజం చెప్పొద్దూ, ఫోన్లంటే నాకు విసుగేమీ లేదు. ఒక పెద్దాయన రోజూ చేస్తాడు. ఏ రిపేరూ లేదు. ఫోను మిషన్ పక్కన పెట్టి కాసేపు తొక్కుతాడు. "శబ్దం సరిగ్గానే ఉందాండీ?" అంటాడు. ఉందంటాను. పెట్టేస్తాడు. ఎవరూ రాని షాపులో కూర్చున్నప్పుడు నన్ను అడిగేవాళ్లు ఇంతమంది ఉన్నారా అనిపించి సంతోషమే వేసింది. కానీ సంతోషంతో గది నిలవదు. నెలాఖరున తాళంచెవి ఇచ్చేస్తానని ఓనరుకి చెప్పేశాను. మర్యాదగా, ఫోన్ చేసేవాళ్లెవరూ నొచ్చుకోకుండా ఆపించు.

ఇట్లు,
బాబాయి

తా.క.: పిన్ని రాస్తున్నది. ఉతికే మిషన్ గురించీ, బరువు తూచే మిషన్ గురించీ కూడా అడుగుతున్నారు. బరువు తూచే మిషన్ ఎక్కువ చూపిస్తోందన్నావిడకి మాత్రం నేనే సమాధానం చెప్పాను. ఆవిడ మళ్లీ చేయలేదు.

—

పూజ్యులైన బాబాయికి,

నీ ఉత్తరం అందింది. నువ్వు ప్రశాంతంగా ఉందని రాస్తే బాగుందనుకున్నాను. ఒకసారి బస్సెక్కి వచ్చి చూసినా తెలిసిపోయేది. ఎవరికో ఎలా సహాయం చేయాలో నీకు నేర్పుతూ, నీకేం కావాలో నేరుగా అడగలేదు. నన్ను క్షమించు.

ప్రకటన ఈరోజే ఆపించాను. ఒక్కసారిగా మాయమైతే జనం కంగారుపడతారని, ఇంతవరకూ ఆ బటన్ నొక్కిన వాళ్లందరికీ చివరిగా ఒక చిన్న ప్రకటన పంపిస్తున్నాం. 'మెకానిక్ గారు ఇక ఫోన్‌లో మాట్లాడడానికి అందుబాటులో లేరు, మీ ఆదరణకు కృతజ్ఞతలు' అని రాసిచ్చాను. మూసేసే ప్రకటనలకి మా దగ్గర ఒక నమూనా ఉంటుంది. అందులో పట్టేలా సర్ది పంపేయమని పక్క సీటు అతనికి అప్పగించాను. ఆదివారం బస్సెక్కి వస్తున్నాను. సామాన్లు సర్దడానికి సాయం చేస్తాను. పనిముట్లు మాత్రం ఎవరికీ ఇచ్చేయకు.

ఇట్లు,
నీ అమ్మడు

తా.క.: మేనేజరుకి సూది సంగతి చెప్పాను. అయినా కుర్చీ తిప్పనన్నారు.

—

చిరంజీవి అమ్మడికి,

బాబాయి మనసారా ఆశీర్వదించి రాస్తున్నది. ముందుగా ఒక విషయం. నేను బాగానే ఉన్నాను. మీ నాన్నకి ఎవరైనా ఏదైనా చూపించి ఉంటే, నేను ఉన్నానని చెప్పు.

నిన్న పొద్దున షాపులో అరలు ఖాళీ చేస్తున్నాను. ఫోను మోగడం లేదు, చెవులు అదోలా ఉన్నాయి. ఇంతలో ఇద్దరు ఆడవాళ్లు పువ్వులు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మెకానిక్ గారి ఇంటివాళ్లు మీరేనా అని అడిగారు. నేనే మెకానిక్‌నన్నాను. "ఆయన పోయారు కదండీ" అంది చిన్నావిడ. నాకైతే తెలియదన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "టెన్షన్ ఎక్కువైందమ్మా, అనండి" అంది. అన్నాను. నువ్వు జుట్టు కలిపిన ఆ ఫోటో, నా గొంతు తప్ప వాళ్లకి ఏం తెలుసు పాపం. అక్కడే కూలబడి ఏడ్చింది. పక్కనున్న పెద్దావిడ ఆవిడ అత్తగారట. కోడలి ఫోనుకి అడ్డుపడకూడదని పొరుగువాళ్ల ఫోను నుంచి ఆవిడా నాకు చేసేదట. ఇద్దరి గురించీ నేను ఇద్దరి దగ్గరా విన్నానని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత వాళ్ల ఫోనులో చూపించారు. మీ నమూనాలో చోటు చాలలేదు కాబోలు, మీ పక్క సీటు అతను మధ్యలో మాటలు తీసేశాడు. 'మెకానిక్ గారు ఇక లేరు. మీ ఆదరణకు కృతజ్ఞతలు' అని మిగిలింది. ఆపేసిన ప్రకటన అని గుర్తుగా నా ఫోటోలో రంగులు కూడా తీసేశారు.

మధ్యాహ్నానికి సందు నిండిపోయింది. వచ్చినవాళ్లందరికీ నేను బతికే ఉన్నానని సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. కొంతమంది కోప్పడ్డారు కూడా. అయితే ఒకటి అడిగాను. ఇంత దూరం వచ్చారు, ఇన్నాళ్లూ మిషన్ తీసుకుని ఒక్కరూ ఎందుకు రాలేదు అని.

"మీకు షాపుందా?" అన్నారు అందరూ.

ప్రకటనలో నా ఫోటో ఉంది, బటన్ ఉంది. షాపు ఎక్కడుందో లేదు అమ్మడూ. నేనెక్కడో ఫోన్‌లోనే ఉంటాననుకున్నారట. చిరునామా ఉన్నది ఈ ఆఖరి ప్రకటనలోనే. మీ నమూనాలో మూసేసే షాపులకి అడ్రసు తప్పనిసరి కాబోలు.

ఈరోజు పొద్దుటికి, ఫోన్‌లో చెబితే బాగుపడని మిషన్లన్నీ అటకల మీంచి దిగి వచ్చాయి. జెరాక్సు అతని షాపులో కూడా పెట్టించాను. గది ఓనరు మీ పిన్నిని పరామర్శించి, పనిలో పనిగా తాళంచెవి కూడా పట్టుకెళదామని వచ్చాడు. లోపలికి రావడానికి దారి లేదు. గది సంగతి తర్వాత చూద్దాంలెండి అని వెళ్లిపోయి, సాయంత్రం వాళ్లావిడ మిషన్ పంపించాడు.

ఆదివారం తప్పకుండా రా. సర్దడానికి కాదు, ఏ మిషన్ ఎవరిదో చీటీలు కట్టాలి. ఆ ప్రకటన మాత్రం వెంటనే తీయించు. రోడ్డు మీద నన్ను చూసి తెలిసినవాళ్లు ఉలిక్కిపడుతున్నారు.

ఇట్లు,
ఉన్న
బాబాయి

తా.క.: పిన్ని రాస్తున్నది. ప్రకటన తీయించమన్నారు కదా మీ బాబాయి. తొందరేం లేదమ్మా. ఆయన బాగానే ఉన్నారు, నేను చూసుకుంటాను. వచ్చే నెల దాకా ఉండనీ.