ఏడో నంబరు ఫిరంగి ఖాళీగా లేదు

రేవు కోటల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: శుక్రవారం కోట ఉత్సవంలో ఏడో నంబరు ఫిరంగి పేల్చవలెనన్న ఉత్తర్వు తక్షణం రద్దు చేయుట గురించి.

నేను కోటలో ఫిరంగులు తుడిచే ఉద్యోగిని. నాలుగు తరాలుగా మా ఇంటివాళ్లదే ఈ పని.

1. యుద్ధనౌకల రేవుకు కాపలాగా ఈ కోట కట్టి నూట యాభై ఏళ్లు. ఇన్నేళ్లలో ఒక్క ఫిరంగిలోనూ మందు కూరలేదని గోడ మీద పలక ఉన్నది. పందొమ్మిదేళ్లుగా సందర్శకులకు నేనూ అదే చెబుతున్నాను. అది అబద్ధమని మొన్న సోమవారం తెలిసింది.

2. ప్రతి సోమవారం గొట్టంలో తుడుపు కర్ర దూర్చి, కర్ర మీది ఇత్తడి కడియం ఫిరంగి మూతికి ఆనితే "ఖాళీ" అని పుస్తకంలో రాయుట పద్ధతి. ఏడోదాని పాత కర్ర విరగగా కొత్తది తెచ్చాను. లోపల ఏదో అడ్డం తగిలి కడియం మూతికి మూరెడు బయటే ఆగిపోయింది. పాత కర్ర చూస్తే, కడియాన్ని ఎవరో లోపలికి దూర్చే కొస వైపు మూరెడు జరిపి బిగించి ఉన్నారు.

3. ఇదే పని చేసి రిటైరైన మా నాన్నను నిలదీశాను. "మీ ముత్తాత జరిపాడురా. శత్రువుల ఓడలు కనపడ్డ రోజున ఏడోదాంట్లో మందూ గుండూ కూరి, తడి చేరకుండా మైనం పెట్టారు. ఓడలు వెనక్కి పోయాయి. మందు ముట్టకుండానే కోట నిలబెట్టానని అప్పటి కోట దొర పై అధికారులకు రాసేసుకున్నాడు. మరి గుండు తియ్యమంటారా అని మీ ముత్తాత అడిగితే, కాగితం మీద ఖాళీగా ఉన్నదాన్ని ఎలా ఖాళీ చేస్తావురా అన్నాట్ట" అన్నారు.

4. మా సూపర్వైజరు గారికి విన్నవించగా, "పుస్తకంలో ఖాళీ అని నువ్వే సంతకం పెట్టావుగా! ఇప్పుడు కాదంటే ముందు నీ ఉద్యోగం ఊడుతుంది" అన్నారు. అయ్యా, ఊడితే ఊడనివ్వండి.

5. ఆ గొట్టానికి పగులు ఉన్నది; ఖాళీ అనుకుని ఉత్సవం మందు వేసి నిప్పు పెడితే, లోపలి పాత మందూ అంటుకుని గొట్టమే బద్దలవుతుంది. దాని పక్కనే బడిపిల్లలను నిలబెట్టి పాట పాడిస్తారట. ముందు వరుసలో మూడోది మా చిన్నమ్మాయి. ఇంట్లో పొద్దస్తమానం ఆ పాటే. నాకు అన్నం సయించడం లేదు. భయంగా ఉందండీ, చాలా భయంగా ఉంది.

కావున తమరు దయతో, శుక్రవారం లోపలే, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఫిరంగులు తుడిచేవాడు

తా.క.: అర్జీ ఇవ్వబోతే మీ గుమాస్తా గారు "ముప్పై రోజుల్లో జవాబు వస్తుంది" అన్నారు. ఉత్సవం ఎల్లుండి. అందుచేత తిరిగి వెళ్లి, నిప్పు పెట్టే రంధ్రంలో ఆరు చెంబుల నీళ్లు పోసి, నిప్పురవ్వ లేవకుండా రాగి మేకు పెట్టి చెక్క సుత్తితో దిగగొట్టాను. ఒక్కో దెబ్బకూ కళ్లు మూసుకుని మా అమ్మాయి పేరు తలుచుకున్నాను. నూట యాభై ఏళ్లలో ఈ కోట ఫిరంగిని పాడుచేసిన శత్రువును నేనొక్కడినే. పలక మీద అలాగే రాయించండి. పిల్లను మాత్రం పాడనివ్వండి.