జెట్టీ నుంచి నేరుగా ఇంటికి

ఫిబ్రవరి 3
పొద్దున్నే మా ఆయనే టీ పెట్టాడు. పంచదార ఎక్కువైంది. బాగుందనే చెప్పాను. కుసుమ పక్కన కూర్చుని తండ్రి గ్లాసులో రస్కు ముంచుకు తింది. పోయినేడాది ఇదే పిల్ల, గుమ్మంలో ఆయన అడుగు వినపడగానే పుస్తకాలు పట్టుకుని వంటింట్లోకి పోయేది.

ఫిబ్రవరి 5
వేట బాగుంది. జెట్టీ నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా ఇంటికే వచ్చాడు. ఉతకడానికి చొక్కా తీస్తే డీజిలు, చేప వాసన — అంతే. ఎంత హాయి.

ఫిబ్రవరి 8
ఆస్పత్రికి ఇద్దరం వెళ్లాం. తాగుడు, మత్తు మానినవాళ్లు కూర్చుని మాట్లాడుకునే రోజు. ఆయన నోరు విప్పడనుకున్నాను. విప్పాడు, అక్కడ అందరికీ తెలిసిన హిందీలో — రక్తం కక్కుకుంటూ కూడా సీసా కోసమే వెతికానని. టాక్సీ డ్రైవరు, ఆఫీసు గుమాస్తా, మత్తు పౌడరు అలవాటైన కాలేజీ అమ్మాయి... అందరూ తలలూపారు. మా ఇంటికే పట్టిన రోగం అనుకునేదాన్ని ఇన్నాళ్లూ.

ఫిబ్రవరి 12
ఎర్రయ్య ఇవాళ కూడా డింగీ పడవ ఎక్కలేదు. ఆయనతో కలిసి వేటకెళ్లే మనిషి. తాగుతున్నాడు.

ఫిబ్రవరి 13
సాయంత్రం ఎర్రయ్య పెళ్లాం పార్వతి వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.
"దీదీ, వైన్‌షాపు కాడే పడున్నాడు. నాను పిలిస్తే కొట్టడానికొస్తన్నాడు. భయ్యా మాటైతే ఇంటాడు."
ఆయన చెప్పులేసుకున్నాడు. ఆ షాపు కంటపడకూడదనే రోజూ చుట్టుదారిన వస్తాడు.
"నానూ వస్తాను," అన్నాను.
"నువ్వొస్తే ఆడు సిగ్గుతో సచ్చిపోతాడే. నాకేటి కాదు."
"కాదని ఎలా సెప్తావు?"
చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. తర్వాత — "సెప్పలేను. అలాగని ఆణ్ని ఒగ్గీలేను గదా."
వెళ్లనిచ్చాను.
దీపాలు పెట్టే వేళకి ఇద్దరూ వస్తూ కనిపించారు. ఎర్రయ్య బరువంతా ఈయన భుజం మీదే. ఈయన నడక మాత్రం తిన్నగా ఉంది. పార్వతి చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. అందరికీ అన్నం పెట్టాను. ఎర్రయ్య రెండు ముద్దలు తిన్నాడు. చాలా రోజులకి ఇల్లు నిండుగా అనిపించింది.

ఫిబ్రవరి 14
రాత్రి వాళ్లిద్దరూ మా ఇంట్లోనే పడుకున్నారు. పొద్దున ఎర్రయ్య చేతులకి ఒకటే వణుకు. గ్లాసు పట్టుకోలేకపోయాడు.
"ఆస్పత్రికి రేపెల్దాం భయ్యా," అన్నాడు.
"రేపు కాదు. పద. ఉన్నపళంగా మానేస్తే పేనానికే ముప్పని నాకు సెప్పినారు. డాక్టరు సూడాలి."
ఆటోలో ఎర్రయ్యని మధ్యన కూర్చోబెట్టుకుని ఆయన, పార్వతి వెళ్లారు. కుసుమని బడికి పంపాను. ఐదుగురికి సరిపడా పులుసు పెట్టాను.
మధ్యాహ్నం పార్వతి ఫోను. "లోపలికి రానంటన్నాడు దీదీ. మెట్ల మీదే కూకుండిపోనాడు. భయ్యా కూడా పక్కనే కూకున్నాడు."
"ఎంతసేపలా?"
"నానూ అదే అడిగినాను. ఆడు లెగిసేదాకా అన్నాడు భయ్యా."