ముక్కుకి బరువు

ఏమండీ,

ఇక్కడ అత్తయ్య, మీ తమ్ముడు, నేను అందరం క్షేమం. మీరూ అక్కడ ఆసుపత్రిలో కులాసాగానే ఉన్నారని చదివి మనసు కుదుటపడింది. వీపు మీది పుండు మానిందని రాశారు. అది మాత్రం ఆదివారం వచ్చినప్పుడు నా కళ్లతో చూశాకే నమ్ముతాను.

మీరు మూడు సంగతులు అడిగారు. అత్తయ్య దగ్గు తగ్గింది, ఇప్పుడు దగ్గుకి బదులు ఆవిడ గొంతే ఇల్లంతా వినిపిస్తోంది. రెండోది, ట్రాక్టరు అమ్మావా అని. అమ్మలేదు. కోప్పడకుండా చదవండి. మూడోది, డాక్టరుగారు నాతో ఏమన్నారన్నది, ఆఖర్న రాస్తాను.

కొనడానికి ఒకాయన వచ్చిన మాట నిజమే. భార్యను కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ సీటు మీద దుమ్ము కొంగుతో తుడిచింది. అది చూశాక తాళంచెవి ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు. రాళ్ల ట్రాలీతో మిట్ట ఎక్కుతుంటే ముందు చక్రాలు గాల్లోకి లేచాయని, బండి వెనక్కి తిరగబడి మీరు దాని కింద పడ్డారని చెప్పేశాను. ఆయన ఇంకా బేరమాడబోయాడు గానీ ఆవిడ ఆయన్ని లాక్కుపోయింది.

ట్రాక్టరు ముక్కు బరువుగా ఉంటే లేవదు కదా అని మీ తమ్ముణ్ణి అడిగాను. "కాంక్రీటు దిమ్మ పోసి తగిలిద్దాం వదినా" అని వెల్డింగు షాపు మూసేసి వచ్చాడు. చెక్కలతో పెట్టె కొట్టాం. లోపల కమ్మీలు కట్టి, షాపు వెనక పడున్న తుక్కు ఇనుమంతా పేర్చి, ట్రాక్టరుకి తగిలించే కొక్కేలు రెండూ పైకి ఉండేలా నిలబెట్టాం. కంకర, ఇసుక, సిమెంటు నేనే కలిపాను. అరచేతులు బొబ్బలెక్కాయి. దిమ్మ బీటలివ్వకుండా గోనెపట్టాలు కప్పి రోజూ నీళ్లు పోశాను. "పసిపిల్లకైనా ఇంత సేవ చేయరమ్మాయ్" అంది అత్తయ్య.

పెట్టె విప్పితే దిమ్మ నున్నగా, గట్టిగా వచ్చింది. తీరా తగిలించబోయే ముందు మీ తమ్ముడు టైర్లు నొక్కి చూసి గాలి కొట్టాడు. అంతే, ట్రాక్టరు ముక్కు బెత్తెడు పైకి లేచింది. మీరు పడిన రోజు ఇంటికి ఈడ్చుకొచ్చి పెట్టాక బండి కదల్లేదు కదా, టైర్లు కూలబడ్డాయని మాలో ఒక్కరికీ తట్టలేదు. కూలబడ్డ బండికి కొలతలు తీశాం. ఇప్పుడు కొక్కేలు అందవు, దిమ్మ చూస్తే నలుగురు పట్టినా కదలదు. మీ తమ్ముడు తల పట్టుకుని కూర్చున్నాడు. గుమ్మంలోంచి అత్తయ్య, "దాన్ని లేపలేకపోతే బండినే కిందికి దించండ్రా. గుంటలు తవ్వమని కూడా నేనే చెప్పాలా?" అంది. ముందు చక్రాలకి రెండు గుంటలు తవ్వి, బండిని అందులోకి దించి కొక్కేలు తగిలించాం. వెనక్కి తీస్తే చక్రాలు గుంటల్లోంచి పైకెక్కాయి, వాటితో పాటే దిమ్మా నేల వదిలింది. మీరిక్కడుంటే ఈ కొలతల సంగతి చెప్పి మమ్మల్ని ఏడిపించుకు తినేవారు.

మిట్ట మీదికి ఎవరు తోలారని అడుగుతారు. మీ తమ్ముడు తోలతానన్నాడు. అత్తయ్య మొహం చూశాక నేనే ఎక్కాను. ట్రాలీలో సగానికి రాళ్లు వేయించాను. మీరు పడిన చోటికి వచ్చేసరికి నాకు చాలా భయమేసింది. చక్రాలు లేవలేదు. పైకి చేరాక ఇంజను ఆపేసి, చాలాసేపు కిందికి దిగలేకపోయాను.

ఇక మీ మూడో ప్రశ్న. పోయిన నెల డాక్టరుగారు నన్ను బయటికి పిలిచి చెప్పారు. మీ కాళ్లకి ఇక శక్తి రాదట. ఆయనే మీకు చెబుతానంటే నేను వద్దన్నాను, నా నోటితో చెబుతానన్నాను. చెబుదామనే లోపలికి వచ్చాను. మీరు పక్క మంచం ఆయన్ని నవ్విస్తున్నారు. నన్ను చూసి, వానలు పడేసరికి ఇంటికొచ్చి మిట్ట చేను నేనే దున్నుతానన్నారు. నేను ఊ అన్నాను. అలా అన్నందుకు ఆ రోజు నుంచి నాకు అన్నం సహించడం లేదు. నిన్న బ్రేకు నా కాళ్లకి అందేలా ట్రాక్టరు సీటు ముందుకు జరిపించాను. మీకు చెప్పకుండా ఆ పని చేయడం మీకు ద్రోహం చేసినట్టు అనిపించింది. అందుకే రాస్తున్నాను.

మీరు ఇంటికి రండి. మిగిలిన సిమెంటుతో గుమ్మం ముందు మెట్లు పూడ్చి, చక్రాల కుర్చీ ఎక్కేలా వాలుగా పోయిస్తున్నాను. దున్నడం నాకింకా చేతకాలేదు, చాళ్లు వంకరటింకరగా పోతున్నాయి. పక్కనుండి తిట్టే మనిషి లేక మరీ ఇష్టమొచ్చినట్టు తోలుతున్నాను.

ఆదివారం వస్తాను. ఈ ఉత్తరం అంతకుముందే మీకు చేరుతుంది. నేను వచ్చేసరికి ఎలా ఉంటే అలాగే ఉండండి. నాకోసం నవ్వకండి.

ఇట్లు,
మీ భార్య